వీథిలో మన పాలెంత?

ఇంటిలో నున్న చోటు పరిమితము. వంటకు, పూజకు, పడకకు, పిల్లల చదువునకు, వచ్చిపోవు చుట్టములకు ఆ యున్నచోటనే అమర్చి సంసారము నడుపుట గృహిణికి నిత్యకృత్యము. ఎవ్వరైన నొక పెద్ద బల్ల తెచ్చి నడిమింట నడ్డముగా వేసి, ఇంటిల్లిపాదియు గోడల నానుకొని ప్రక్కగా నడువవలసినదని శాసించినచో మనము సహింపము. కాని గడప దాటి బజారు వీథికి వచ్చునప్పటికి ఇట్టి యేర్పాటునకే తలయొగ్గుచున్నాము. వీథి నడుమ నంతయు మోటారులది. మురుగుకాలువ పలకలకును, విద్యుత్తు స్తంభములకును, నిలిపియుంచిన బండ్లకును పోగా అంచున మిగిలిన జానెడు చోటు నడచువారిది.

సోదరీమణులారా! వీథుల నిర్మాణము ఇంజనీర్లు చూచుకొనవలసిన పని, మనకేల యని తలపవలదు. బస్సుకొఱకు ఎండలో నిలుచువారిలో, ఒక చేత బిడ్డను వేఱొక చేత సంచిని పట్టుకొని వీథి దాటువారిలో మనమెందఱమో యున్నాము. ఇంటిలో మోటారు సైకిలు ఒక్కటియే యున్నచో అది తెల్లవారగనే మగవారితో ఉద్యోగమునకు పోవును. కావున వీథి పంపకములో నడకకు తక్కువ పాలు వచ్చెనన్న, ఆ నష్టము మొదట మనకే తగులును.

మా యత్తగారికి డెబ్బది యేండ్లు దాటినవి. కూరగాయలు తామే యేఱి తెచ్చుకొనిన గాని వారికి తృప్తి లేదు. బజారు మా యింటికి అరమైలు దూరమైన లేదు. అయినను కాలిబాట మోకాలెత్తున నుండుటచే ఎక్కలేక, దిగి నడచిన బండ్ల హోరునకు జడిసి, కడకు బజారునకు పోవుటయే మానిరి. కాళ్లలో సత్తువ తగ్గలేదు, త్రోవయే లేకపోయినది. "నడవగలిగియు కూర్చుండిపోతిని గదా" యని వారొకనాడనిన మాటయే మమ్ము ఈ విషయమును గూర్చి చదువుటకు పురికొల్పినది.

మన దేశమున నియమములు లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2012లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము కాలిబాటలో ఏ యడ్డమును లేని నడకస్థలము కనీసము 1.8 మీటర్ల వెడల్పుండవలెను. దాని యెత్తు 150 మిల్లీమీటర్లు, అనగా ఆఱంగుళములు మించరాదు. అంతకు ముందే 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము, వీథులు బండ్లను కదలించుటకు గాక మనుష్యులను కదలించుటకై యేర్పడినవని స్పష్టముగ చెప్పినది.

బండ్లను లెక్కించుటకును మనుష్యులను లెక్కించుటకును ఎంత భేదమున్నదో చూడుడు. అమెరికా నగరముల రవాణాధికారుల సంఘమువారు 2016లో ఒక గ్రంథమున ఈ లెక్క కట్టిరి. పది యడుగుల వెడల్పుగల పట్టీని సొంత మోటారులకిచ్చినచో గంటకు 600 మొదలు 1,600 మంది పోగలరు. ఆ పట్టీనే బస్సులకు ప్రత్యేకించినచో 4,000 మొదలు 8,000 మంది. సైకిళ్లకు విడిగా నిచ్చినచో 6,500 మొదలు 7,500 మంది. కాలినడకకిచ్చినచో 8,000 మొదలు 9,000 మంది. ఒక్క గ్లాసుడు బియ్యమును పదిమందికి సరిపెట్టు ఇల్లాలికి ఈ లెక్కలోని నీతిని వివరింప నక్కఱలేదు.

ఈ పంపకము చేతలలో నెట్లుండునో చూడగోరువారు చెన్నపట్టణమందలి త్యాగరాయనగరమునకు పోవలెను. పెండ్లి చీరలకును నగలకును ఆ పేట మన తెలుగు కుటుంబములకు చిరపరిచితము. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారును, అందలి యుద్యానమునకు పేరిచ్చిన పానగల్లు రాజాగారును తెలుగువారే. పానగల్ పార్కు వైపునుండి సాగు త్యాగరాయ రోడ్డును జనులు పాండీ బజారందురు. పూర్వమచ్చట కాలిబాటనిండ చిల్లర వర్తకులు, వారి ముందు నిలిపిన బండ్లు, వాని ముందు కదలలేని మోటారులు. 2013లో వర్తకులను అచ్చటనే యొక కట్టడములోనికి మార్చిరి. 2019 నవంబరులో ఆ వీథి క్రొత్తరూపమున ప్రారంభమయ్యెను. మోటారులను బొత్తిగా వెడలగొట్టలేదు. నడుమ వానికి త్రోవ మిగిల్చి, ఇరుప్రక్కల కాలిబాటలను విశాలముగ పెంచి, కూర్చుండుటకు బల్లలమర్చిరి. బండ్లు నిలుపుటకు వేఱుగా అంతస్తుల కట్టడము లేచెను.

తరువాత మేమచ్చటికి పోయినప్పుడు చీరలకంటె నొక వింతను ఎక్కువసేపు చూచితిమి. తల్లులు బిడ్డల చేతులు విడిచి నడచుచుండిరి! బజారులో బిడ్డ చేయి విడుచుట మన మెఱుగని భాగ్యము. ముసలివారు బల్లలమీద కూర్చుండి, బేరము ముగించి వచ్చువారికొఱకు తొందరలేక వేచియుండిరి.

అదే పేటలో మాంబళం రైలుస్టేషనునుండి బస్సులు నిలుచు చోటివఱకు 570 మీటర్ల పొడవున నడకవంతెన నొకదానిని 2023 మే నెలలో తెఱచిరి. అచ్చటి రద్దీకి అది యుపకారియే. అయినను ప్రతిచోటను నడచువారిని మీది కెక్కించి నేలను బండ్లకు విడుచుటకంటె, సాధ్యమైనచోట నేలనే నడకకిచ్చుట మేలని మా యభిప్రాయము.

సైకిలు సంగతియు నట్టిదే. పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి అక్షరాస్యతోద్యమమున వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారులో 2006 మొదలు ప్రభుత్వము సైకిళ్లిచ్చుటచే బడికి వచ్చు బాలికల సంఖ్య పెరిగినది. నేర్చిన విద్యకు నగర మధ్యమున చోటేది? లారీ ప్రక్కన కూతురిని సైకిలుపై పంప నే తల్లికి మనసొప్పును? విడిగా త్రోవయైన నుండవలె, లేదా బండ్ల వేగమైన తగ్గవలె.

బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేని ప్రయాణము తమిళనాట 2021లోను, తెలంగాణమున 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టులోను ప్రారంభమైనది. సంతోషమే. కాని ఇంటినుండి బస్సు నిలుచు చోటికి నడవనిదే బస్సెక్కువా రెవ్వరు? ఆ నడక క్షేమము కానిచో టిక్కెట్టు లేని బస్సును మన గుమ్మము ముందునుండి సాగిపోవు పల్లకివంటిదే.

ఇట్లనుటచే మాకు మోటారులమీద పగ యని భావింపరాదు. రోగిని ఆసుపత్రికి చేర్చుటకు, నడవలేనివారిని తీసికొనిపోవుటకు, అంగళ్లకు సరకు దింపుటకు అది కావలసినదే. దాని పాలు దానికిండు; అందఱి పాలును దానికీయవలదు. అట్లే కాలిబాట బాగుచేయుదుమని పూలమ్మి, కూరలమ్మి బ్రదుకు పేదరాండ్రను తఱిమివేయుటయు న్యాయము కాదు. 2014 నాటి వీథి వర్తకుల చట్టము ప్రకారము పట్టణ విక్రయ సమితిలో నూటికి 40 పాళ్లకు తక్కువ కాకుండ వర్తకుల ప్రతినిధు లుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలై యుండవలెను. నడకకు కావలసినంత విడిచి, మిగిలినచోట వారికిని నీడ చూపుటయే ధర్మము.

కట్టుటతో పని తీఱదు. తుడువని యిల్లువలె, కాపాడని కాలిబాటయు కొలదికాలములోనే పాడగును. నేడొక మోటారు సైకిలెక్కును, ఱేపు పది యెక్కును. కనుక చదువరులగు సోదరీమణులకు మా మనవి యిది. కుట్టుపని టేపు నొకదానిని తీసికొని, ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు కలసి, మీ బజారు కాలిబాట వెడల్పును ఎత్తును కొలువుడు. 1.8 మీటర్లకు ఎంత తక్కువైనది, ఆఱంగుళములకు ఎంత యెక్కువైనది, ఏ యడ్డములున్నవి వ్రాసి, మీ వార్డు సభ్యునకును పురపాలక సంఘమువారికిని చేవ్రాళ్లతో పంపుడు. బదులు రాకున్న మఱల పంపుడు. ఇంటి జమాఖర్చులో పైసకు లెక్క యడుగు మనము, వీథిలో మన పాలికి వచ్చిన యడుగులకు లెక్క యడుగుటకు సంకోచింపనేల?