గాలి దారిలో కదిలే ఇల్లు



వేసవి వచ్చిందంటే అమెరికా దేశపు రహదారుల మీద ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. ముందు ఒక పికప్ బండి, దాని వెనుక కిటికీలతో, తలుపుతో ఒక చిన్న రేకుల ఇల్లు. ఆ ఇంటికి ఇంజను ఉండదు. లోపల మంచాలు, పొయ్యి, కుళాయి, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. దీనిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. కుటుంబమంతా దానిని వెంట లాగుకొనిపోయి, అడవిలోనో చెరువు ఒడ్డునో నిలిపి, నాలుగు రోజులు అందులోనే వండుకొని, పడుకొని తిరిగి వస్తారు.

2024 ఏప్రిల్ నెలలో మేమిద్దరం డాలస్ నగరంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంతో కలిసి అటువంటి ప్రయాణం చేశాము. ఆ సహోదరుడు గుంటూరు జిల్లాలో పత్తి రైతు బిడ్డ. టెక్సస్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న పాలో డ్యూరో లోయను మాకు చూపించాలని ఆయన కోరిక. లోయ సంగతి తరువాత చెప్పెదము. అంత దూరం ఆ ఇల్లు తొణకకుండా మా వెంట ఎట్లు వచ్చినదో ముందుగా చెప్పవలెను.

డాలస్ నుండి అమరిల్లో పట్టణానికి సుమారు 360 మైళ్ళు, అనగా 580 కిలోమీటర్లు. డెకేటర్, విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చిల్డ్రెస్ మీదుగా 287వ నెంబరు రహదారి పోతుంది. నేల బల్లపరుపు. చెట్లు తక్కువ. అమెరికాలో మిక్కిలి గాలి వీచే పట్టణాలలో అమరిల్లో ఒకటి. వసంతకాలంలో ఆ గాలి మరీ ఎక్కువ. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తుగల పెట్టెను ప్రక్కనుండి గాలి కొడితే, అది నిలువునా ఎత్తిన తెరచాప వంటిదే. ట్రైలరు ఒకసారి తోక ఊపటం మొదలుపెడితే వేగంతోపాటు ఆ ఊపు పెరుగుతుంది. చివరకు తోకే ముందున్న బండిని తిప్పివేస్తుంది.

గనుక బయలుదేరుటకు ముందురోజంతా మా సహోదరుడు బరువుల లెక్కలోనే ఉన్నాడు. "ఇంత పెద్ద ఇంజనుండగా భయమెందుకు?" అని మేము అడిగితే, ఆయన డ్రైవరు తలుపు తెరచి, గుమ్మం అంచున అంటించియున్న చీటీ చూపించాడు. "అయ్యగారూ, లాగే బలం వేరు, మోసే బలం వేరు. కంపెనీ ప్రకటనలో లాగే బలం రాస్తారు. మోసే బలం ఈ చీటీలో ఉంటుంది" అన్నాడు. మనుషులు, సామాను అన్నీ కలిపి ఆ బండి 680 కిలోలు మాత్రమే మోయవలెనని దానిమీద ఉన్నది. మా నలుగురి బరువు 290 కిలోలు. ట్రైలరును తగిలించే ఇనుప సామగ్రి 45 కిలోలు. ట్రైలరు ముందుకొన పికప్ మీద మోపే బరువు 325 కిలోలు. మొత్తం 660. మిగిలినది 20 కిలోలు! తొట్టిలో వేయాలనుకొన్న జనరేటరు, రెండు పెట్టెలు దింపి ఇంట్లోనే పెట్టాడు.

ఈ 325 కిలోలు ఎక్కడివని పాఠకులు అడుగవచ్చును. ఎద్దుబండి తోలినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. బండిలో బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుకకు మొగ్గితే నొగ పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుసుకొంటాయి. నేర్పరియైన రైతు కొంచెం ముందు మొగ్గు ఉండేటట్లు బస్తాలు సర్దుతాడు. ట్రైలరు సంగతీ అంతే. దాని మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ముందుకొన మీద ఉండాలి. అంతకు తగ్గితే తోక ఊపుతుంది. మితిమీరితే పికప్ వెనుకభాగం కుంగిపోతుంది. మా ట్రైలరు సామానుతో కలిపి 2,700 కిలోలు. నూటికి 12 వంతులు వేస్తే వచ్చేది ఈ 325. బియ్యం, పప్పులు, డబ్బాలు, పనిముట్లు ఇరుసుకు ముందువైపున, నేలకు దగ్గరగా సర్దారు. తేలికైన దుప్పట్లు వెనుకకు పోయాయి. నీళ్ళ తొట్టి ఇరుసుకు వెనుక ఉన్నందున దానిని నింపలేదు. 40 గ్యాలన్ల నీళ్ళంటే 150 కిలోలు. అంత బరువు వెనుక చేరితే ముందు మొగ్గు తగ్గిపోతుంది.

సర్దటం అయిన తరువాత లారీలు ఆగే ఒక పెట్రోలు బంకు దగ్గర కాటా వేయించాము. అక్కడి కాటాలో ఒక్కొక్క ఇరుసు బరువు విడివిడిగా తెలుస్తుంది. ఉత్త పికప్‌ను ఒకసారి, ట్రైలరు తగిలించి ఒకసారి తూచారు. అప్పుడు ఒక ఆశ్చర్యం చూచాము. ట్రైలరు తగిలించగానే పికప్ ముందు ఇరుసు మీద బరువు 130 కిలోలు తగ్గింది! వెనుక ఇరుసు మీద 455 కిలోలు పెరిగింది. తట్టకు ఒక కొసన కూర్చుంటే రెండవ కొస లేచినట్లు, వెనుక మోపిన బరువు ముందు చక్రాలను తేలికచేసింది. దారి తిప్పేవి ముందు చక్రాలే. అవి నేలను గట్టిగా పట్టుకొనకపోతే స్టీరింగు చేతిలో ఉన్నా మాట వినదు.

దీనికి విరుగుడుగా తగిలించే కొక్కెం దగ్గర రెండు ఉక్కు కడ్డీలున్నాయి. అవి స్ప్రింగుల వలె వంగి, పికప్ వెనుకభాగాన్ని పైకి ఎత్తిపట్టి, అక్కడ కూర్చున్న బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలరు చక్రాలకు పంచిపెడతాయి. వాటిని బిగించి మూడవసారి తూచితే ముందు ఇరుసుకు 100 కిలోలు తిరిగి వచ్చాయి. మరొక 50 కిలోలు ట్రైలరు ఇరుసులకు పోయాయి. ఆ కడ్డీలే గట్టిగా రాసుకొంటూ ప్రక్క ఊపును కూడా అణచుతాయి. అయితే బరువు తప్పుగా సర్దినవానిని ఆ కడ్డీలు కాపాడలేవని మా సహోదరుడు మరి మరి చెప్పాడు. కాటా దొరకనిచోట టేపుతో కూడా చూడవచ్చునట. ముందు చక్రం మీది రేకు అంచు నేలకు ఎంత ఎత్తున ఉన్నదో తగిలించక ముందు, తరువాత కొలిచి, కడ్డీలు బిగించి ఆ ఎత్తును ఇంచుమించు మొదటి కొలతకు తేవాలి.

ట్రైలరు చక్రాలకు సొంత బ్రేకులుంటాయి. మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకు బ్రేకులు ఉండాలని టెక్సస్ చట్టం. డ్రైవరు మోకాలి దగ్గర ఒక చిన్న పెట్టె, దానికి ఒక మీట. మీట నొక్కితే ట్రైలరు బ్రేకులు మాత్రమే పడతాయి. ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ దానిని పరీక్షించాడు. "ట్రైలరు ఊగితే పికప్ బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. చక్రం తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరు మీది కాలు తీసి, ఈ మీట మెల్లగా నొక్కాలి. వెనుకనుండి పట్టి లాగినట్లు బండి సర్దుకొంటుంది" అని భార్యకు కూడా నేర్పాడు. కొక్కెం ఊడినా బండి జారిపోకుండా రెండు గొలుసులు క్రిందుగా అడ్డంగా వేశాడు. అవి రోడ్డును తాకకుండా చూచాడు. ఆ ఏడాది ఫిబ్రవరి నెలలోనే అమరిల్లోకు ఈశాన్యాన మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు పది లక్షల ఎకరాలకు పైగా కాల్చింది. దానికి మూలం ఒక విద్యుత్ స్తంభమే అయినా, ఎండుగడ్డి నేలలో రోడ్డుకు రాసుకొనే గొలుసు రవ్వ కూడా చాలును.

మరునాడు తెల్లవారకముందే, టైర్లు చల్లగా ఉండగానే గాలి కొలిచి బయలుదేరాము. రోడ్డు 70 మైళ్ళ వేగానికి అనుమతి ఇచ్చినా ఆయన 60 దాటలేదు. మొదటి 50 మైళ్ళకు ఆగి నట్లు, పిన్ను, గొలుసులు చూచి, చక్రాల నడిమి భాగం వేడెక్కినదేమో చేతితో తాకాడు. క్వానా దగ్గర ఒక భారీ లారీ మమ్మును దాటింది. దాని గాలి ముందు మమ్మును అవతలకు నెట్టి, వెంటనే తనవైపుకు లాగింది. ట్రైలరు ఒకసారి కదిలి నిలిచిపోయింది. చిల్డ్రెస్ దాటిన తరువాత రోడ్డు ప్రక్క గడ్డిలో అటువంటి ట్రైలరే ఒరిగి పడియున్నది. దాని వెనుక బంపరుకు నాలుగు సైకిళ్ళు కట్టియున్నాయి. ఒక తల్లి పిల్లలను దగ్గరకు తీసికొని గట్టు మీద కూర్చున్నది. ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. చాలాసేపు మా బండిలో ఎవరమూ మాటలాడలేదు.

ఆ ప్రాంతమంతా పత్తి చేలే. అప్పటికింకా విత్తనాలు వేయలేదు. ఎర్రని దుక్కి, ఆ పైన వరుసగా గాలిమరలు. సాయంకాలానికి లోయ అంచుకు చేరాము. పాలో డ్యూరో అనగా స్పానిష్ భాషలో గట్టి కర్ర అని అర్థం. రెడ్ నది పాయ ఒకటి తొలిచిన ఈ లోయ పొడవు సుమారు 120 మైళ్ళు, లోతు కొన్నిచోట్ల 800 అడుగులకు పైమాటే. 1934లో దీనిని ఉద్యానవనంగా తెరిచారు. ఆర్థికమాంద్యపు రోజులలో పనిలేని యువకులకు ప్రభుత్వం పని కల్పించి, వారిచేత అడుగుకు దిగే దారి వేయించింది. ఆ దారి నూరు అడుగులకు పది అడుగులు దిగుతుంది. మా సహోదరుడు పైననే చిన్న గేరు వేసి, ఇంజను పట్టుమీద బండిని దింపాడు. ఎర్ర మట్టి, తెల్ల రాయి పొరలు పొరలుగా ఉన్న గోడల నడుమ ఇల్లు నిలిపి, ఆ రాత్రి అందులోనే పప్పుచారు కాచుకొని భోజనం చేశాము.

ఈ సంగతి మన పల్లె కుటుంబాలకు దూరమైనది కాదు. మన ట్రాక్టరు ట్రాలీకి కూడా ఒక కొక్కెం, ఒక పిన్ను, ఒక ఇరుసు ఉన్నవి. చాలా ట్రాలీలకు బ్రేకు లేదు, వెనుక దీపం లేదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి ఎందరో స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. బరువు ఇరుసుకు కొంచెం ముందుగా, కిందుగా సర్దటానికి, పిన్నుకు గొళ్ళెం, గొలుసు వేయటానికి, వెనుక ఎర్ర రేకు బిగించటానికి పట్టేది అరగంట. మనుషులను ట్రాలీలో ఎక్కించకుండుటకు ఆ అరగంట కూడా అక్కరలేదు. ట్రాక్టరు తోలే మన యువకులు ఈ మాట మనస్సున ఉంచుకొనవలెనని మా మనవి.