పంటుపై తీసిన పటము

పూర్వము ప్రయాణము చేసి వచ్చినవారు కాశినుండి గంగను, తిరుపతినుండి ప్రసాదమును దెచ్చి ఇరుగుపొరుగులకు పంచెడివారు. ఇప్పుడు ఛాయాచిత్రములను దెచ్చి పంచుచున్నారు. రైలు కిటికీలోని పసివాడు, బస్సుపైని మూటలు, రేవులో పడవకై కాచుకొన్న ముదుసలి, ఏది కనబడినను చేతిలోని ఫోను తనంత తానే పైకి లేచును. మేమును ఇరువదియేండ్లుగా ఈ వ్యసనమునకు లోబడినవారమే. కెమెరా లేక గడప దాటి యెరుగము. అందును బండ్లను, బాటలను, వానిపై సాగు జనులను పటములు తీయుట మాకు మిక్కిలి ప్రీతి. ఏలయన, ఇంటిలో నున్నంతసేపు మనుష్యుడు తన కులమునకును తన వాడకును చెందియుండును. బండి యెక్కిన పిదప ఎవరో తెలియని ప్రక్కవానితో మోకాలికి మోకాలు తగిలించి కూర్చుండక తప్పదు. సంస్కర్తల యుపన్యాసములు చేయలేకపోయిన పనిని రైలుపెట్టె కొంతవరకు చేసినదని మా నమ్మకము.

ఐనను ఈ వినోదమునందు మనము తీర్పవలసిన ఋణ మొకటి కలదు. దానిని గుర్తించుటకు మాకు చాల కాలము పట్టెను. ఆ సంగతి చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

1838 సంవత్సరమున పారిసు నగరమున డాగెరు అనునాతడు మేడ కిటికీనుండి క్రిందనున్న విశాలమైన వీధిని పటము తీసెను. ఆ వేళ వీధిలో బండ్లును, గుఱ్ఱములును, జనులును తిరుగుచునే యుండిరి. కాని యానాటి పలకపై వెలుతురు ముద్ర పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అందుచేత కదలుచున్నవారందరును మాయమైరి. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనుష్యుడు మాత్రము పటములో మిగిలెను. మనుష్యరూపము పడిన మొట్టమొదటి ఛాయాచిత్రము ఇదియే యని పలువురు చెప్పుదురు. అతని పాదములకడ వంగి పని చేయుచున్నవాని యాకారము మసకగా నున్నది. సేవ చేయించుకొన్నవాడు తేటగా నిలిచెను, చేసినవాడు మసకబారెను. ఈ పటమును చూచినప్పుడెల్ల, పలక మాఱినను మన చూపు మాఱినదా యని మాకు సందేహము కలుగును.

మసక లేకుండ పడినంతమాత్రమున పటము నిజము చెప్పునా? 1907లో అమెరికా దేశస్థుడగు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఓడలో మొదటి తరగతిలో ప్రయాణము చేయుచు, క్రింది తరగతిలో క్రిక్కిరిసియున్న బీదజనులను పటము తీసెను. శాలువ కప్పుకొన్న స్త్రీలు, పిల్లలు, ఆరవేసిన బట్టలు అందు గలవు. కొత్త జీవితము నాశించి అమెరికాకు వచ్చుచున్న వలసజనుల చిత్ర మని లోకము దానిని చిరకాలము కొనియాడెను. ఆ యోడయో న్యూయార్కు విడిచి ఐరోపాకు పోవుచుండెను! అందలి జనులు వచ్చువారు కారు, తిరిగి పోవువారు. మనము పటములో జూచునది తఱచుగా మనము ముందే తలపోసికొన్న కథయే. అందున్నవారిని ఒక్కమాట యడిగిన కథ మాఱిపోవును.

అడుగకుండ తీసినవారిలో వాకర్ ఎవాన్సు ప్రసిద్ధుడు. 1938 మొదలు 1941 వఱకు ఆతడు న్యూయార్కు భూగర్భరైళ్ళలో కోటు చాటున కెమెరా దాచి, ఎదుట కూర్చున్నవారి ముఖములను వారెరుగకుండ పట్టెను. ఎవరును చూచుట లేదని తలచినప్పటి మనుష్యుని యలసట, ఏకాంతము ఆ ముఖములలో నున్నవి. ఆ పటములు గొప్పవి. ఐనను వానిని గ్రంథముగా ప్రకటించుట 1966 వఱకు జరుగలేదు. ఈ కాలమున మనము తీసిన పటము లోకమును చుట్టివచ్చుటకు పాతికయేండ్లు కాదు, పాతిక క్షణములు చాలును.

మన తెలుగువారికిని ఈ విషయమున పాతగాయ మొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరీ తీరమునుండియు విశాఖ ప్రాంతమునుండియు ఓడలెక్కి మారిషసు చెఱకుతోటలకు పోయిన కూలీలలో మనవారును గలరు. 1867 నాటి అచ్చటి శాసనము ప్రకారము, ఒడంబడిక గడువు ముగిసిన కూలీ సహితము తన ఛాయాచిత్రము అంటించిన టికెట్టును దగ్గఱ నుంచుకొని తిరుగవలెను. అది లేకుండ పట్టుబడినచో చెఱసాల. ఆ పటము అతడు కోరి తీయించుకొన్నది కాదు. ఇంటికి పంపుటకు గాదు, తల్లి చూచి మురియుటకు గాదు. ఒకే యంత్రము ఒకచోట బంధువులను గలుపు దారము, మఱియొకచోట కాలికి తగిలించిన సంకెల. భేద మెల్ల, పటము తీయించుకొన్నవాని ఇష్టానిష్టములను అడిగిరా లేదా యనుటయందే యున్నది.

ఇన్ని తెలిసియు మేము చేసిన పని వినుడు.

2016 శీతకాలమున నరసాపురమున వశిష్ఠ గోదావరిని దాటుటకు పంటు ఎక్కితిమి. లారీ యొకటి, మోటారుసైకిళ్ళు, బడిపిల్లల సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, లేసు అల్లికల మూటలు దానిపై నుండెను. ఒక మూల చేపల గంప తలపై నుండగనే ఒక స్త్రీ గట్టుగోడ కానుకొని కన్నులు మూసికొని నిలిచియుండెను. చీర మాసియున్నది, చెంపలపై నీరు కారుచున్నది. వెనుక మంచులోనుండి వచ్చు ప్రొద్దుటి యెండ ఆమె ముఖముపై పడుచుండెను. ఆమె కన్నులు తెఱచులోపల నాలుగు పటములు తీసితిమి. అందొకటి మాకు మిక్కిలి నచ్చెను. దానికి "శ్రమజీవి" యని పేరు పెట్టి యొక పోటీకి పంపితిమి. బహుమానము వచ్చెను. శ్రమసౌందర్యమును మేము చక్కగా పట్టితిమని పెద్దలు ప్రశంసించిరి. మేమును నమ్మితిమి.

2018లో మరల ఆ రేవునకే పోతిమి. పంటుపై నొక స్త్రీ మమ్ము తేఱిపాఱ జూచి దగ్గఱకు వచ్చెను.

"అమ్మగారూ, అప్పుడు నా బొమ్మ తీసింది మీరే గదండి?"

ఔనంటిమి. మేము బహుమానము సంగతి చెప్పబోవుచుండగనే ఆమె యిట్లనెను.

"మా పిల్ల కువైట్‌లో ఒకరింట్లో పని చేత్తందండి. ఊళ్ళో ఎవరో గురుతుపట్టి ఆ బొమ్మ దాని ఫోన్లోకి పంపేరంట. నేనేమో బాగున్నానే, పనికి ఎల్తం లేదే అని దానికి చెప్తా వత్తున్నానండి. ఆ బొమ్మ చూసి, అమ్మ ఇలాగైపోయిందేంటని రెండ్రోజులు అన్నం తినలేదంట."

మా నోట మాట రాలేదు. ఆమె కోపపడనైన లేదు.

"ఒక్కమాట అడిగితే ఏవైపోద్దండి? గంప దింపి, కొంగు సవరించుకుని నిలబడేదాన్ని గదా" అనెను.

ఆ తల్లి కూతురికొఱకు రెండేండ్లుగా కట్టుకొన్న చిన్న యబద్ధమును మా పటము కూల్చివేసినది. శ్రమలో సౌందర్యము చూచితిమి గాని, ఆ శ్రమను ఎవరినుండి దాచుకొనుచున్నదో చూడలేదు. క్షమింపుమని వేడితిమి. ఆ పటమును తీసివేయించుటకు మాట యిచ్చితిమి. అప్పు డామె కొంతసేపు ఊరకుండి, "అయితే ఇప్పుడొకటి తియ్యండి" అనెను. గంప దింపెను. ముఖము తుడుచుకొనెను. ప్రక్కనున్న పూలమ్మి నడిగి ఒక మూర కనకాంబరములు కొని తలలో దుఱుముకొనెను. లారీ కనబడకుండ గోదావరి కనబడునట్లు తీయుమని తానే చోటు చూపి నవ్వుచు నిలిచెను. తీసి, ఆమె చెప్పిన నంబరునకు పంపితిమి. పంటు సఖినేటిపల్లి రేవును తాకులోపలనే కువైటునుండి కూతురి గొంతు వచ్చెను: "అమ్మా, పూలెట్టుకున్నావేంటే! ఎవరి పెళ్ళే?" పంటులోనున్నవా రందరును నవ్విరి.

కళాదృష్టితో జూచినచో ఆ రెండవ పటము సామాన్యమైనది. ఎండ నడినెత్తిపై నున్నది, నీడలు మొఱటుగా పడినవి. దానికి ఏ పోటీలోను బహుమానము రాదు.

ఇంటికి వచ్చి మా పాతపటముల పెట్టె తెఱచితిమి. మా తండ్రిగారు స్టేషనులో రైలింజను ప్రక్కను, స్నేహితుని కారు ప్రక్కను, ఓడరేవులోను నిలుచున్న పటములు గలవు. మా తల్లియు ఆ ప్రయాణములన్నిటను వెంట నుండెను. పులిహోర మూట గట్టినది, మరచెంబులో నీరు పోసినది, నిద్రపోవు పిల్లలను ఒడిలో పెట్టుకొని రాత్రియంతయు మేలుకొన్నది ఆమెయే. ప్రయాణములో నున్న ఆమె పట మొక్కటియు లేదు. పారిసు వీధిలోని సేవకుడు మసకగానైన పడెను. మా తల్లి యంతమాత్రము గూడ పడలేదు. బీదస్త్రీని అడుగకుండ తీయుటయు, ఇంటి స్త్రీని తీయకుండ మరచుటయు వేరు దోషములుగా కనబడును. రెండింటికిని మూలము ఒక్కటియే: ఆమె కేమి కావలెనో అడుగవలె నన్న తలంపు మనకు రాకపోవుట.

చదువరులైన గృహస్థులారా, ఈసారి ప్రయాణమునకు పోవునప్పుడు కెమెరాను మానవలదు. రిక్షావానిని, పడవవానిని, మూటలు మోయువానిని తీయుడు. కాని ముందు పలుకరింపుడు. తీసిన దానిని చూపుడు. వలదన్నచో వారి యెదుటనే చెఱిపివేయుడు. కావలెనన్నచో ఒక ప్రతి పంపుడు. ఇంటిలోని స్త్రీలను బండి ప్రక్కకు పిలిచి, ఎట్లు నిలువ దలచిరో వారినే యడుగుడు. దీనివలన కొన్ని మంచి పటములు తప్పిపోవును. మాకును అప్పటినుండి పెక్కు తప్పిపోయినవి.

పోటీ పెట్టినవారు మా కోరికపై ఆ మొదటి పటమును తొలగించిరి. కాని యెందఱి ఫోనులలోనికి పోయినదో వానినుండి దానిని వెనుకకు దెచ్చుట మా వశము గాదు. రెండవ పటమును అచ్చు వేయించి, అద్దము కట్టించి, మరుసటి నెలలో రేవునకు తీసికొనిపోతిమి. ఆమె దానిని చీరకొంగుతో తుడిచి, ఖాళీ గంపలో కొబ్బరాకు పఱచి, దానిపై బోర్లించి ఇంటికి మోసికొనిపోయెను.