వాళ్ళ నాన్నా అంతే!

ఎడిసన్‌లో అప్పట్లో మేమున్న అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ లేదు. కింద బేస్‌మెంట్‌లో అందరికీ కలిపి నాలుగు ఉండేవి, క్వార్టర్లు వేస్తేనే తిరిగేవి. అందుకని వంటింట్లో ఒక ఖాళీ ఆవకాయ సీసా నిండా క్వార్టర్లు పోసి పెట్టుకునేదాన్ని. ఆ సీసా ఎంత త్వరగా ఖాళీ అయితే, ఆ వారం మా అబ్బాయి అన్నిసార్లు పక్క తడిపాడన్నమాట.

వాడికప్పుడు ఆరేళ్ళు. ఫస్ట్ గ్రేడ్. పగలు ఏ ఇబ్బందీ లేదు. మూడేళ్ళు నిండకుండానే డైపర్ మానేశాడని అందరికీ గొప్పగా చెప్పుకున్నదాన్ని నేనే. రాత్రి మాత్రం వారానికి నాలుగైదు సార్లు తడిసేది. లేచి, లైటు వేసి, వాడి బట్టలు మార్చి, పరుపు తుడిచి, తువ్వాలు పరిచి మళ్ళీ పడుకోబెట్టేసరికి రెండు దాటేది. పొద్దున ఏడున్నరకి నాకు ట్రైన్.

తెలిసిన చిట్కాలన్నీ చేశాను. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు బంద్. దాహమని ఏడిస్తే ఒక్క గుక్క. పదకొండింటికి నిద్రలోనే ఎత్తుకెళ్ళి బాత్రూంలో నిలబెట్టేదాన్ని. పొడిగా ఉన్న రాత్రికి ఒక స్టిక్కర్, పది స్టిక్కర్లకి ఒక బొమ్మ కారు అని ఫ్రిజ్ మీద చార్టు అంటించాను. నెల తిరిగేసరికి దాని మీద ఆరే స్టిక్కర్లు. వాడు పాల కోసం ఫ్రిజ్ దగ్గరికొచ్చినప్పుడల్లా తల పక్కకి తిప్పుకునేవాడు. చూశాను గానీ, ఎందుకా అని ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి. బయట మంచు పడుతోంది. ఆ సాయంత్రమే ఉతికి వేసిన కంఫర్టర్. ఒంటిగంటన్నరకి మళ్ళీ తడిపాడు. మర్నాడు నాకు ఆఫీసులో పెద్ద మీటింగ్. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!" అంటూ వీపు మీద ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు. "సారీ అమ్మా, నాకు తెలీలేదు" అన్నాడు. తనే వెళ్ళి తువ్వాలు తెచ్చుకుని పరుపు మీద పరుచుకున్నాడు, మూలలు సరిచేసుకుంటూ.

ఆ శనివారం మంచం కింద వాక్యూమ్ చేస్తుంటే ఒక ప్లాస్టిక్ సంచీ తగిలింది. మూతి గట్టిగా ముడేసి ఉంది. లోపల మూడు తడి పైజామాలు. నాకు భయపడి దాచుకున్నాడు.

మార్చిలో తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. ఆవిడకి ఈ సంగతి తెలియకూడదని నా తాపత్రయం. ఉద్యోగమంటూ తిరిగి పిల్లాణ్ణి పట్టించుకోలేదని అంటారేమోనని. రెండో రాత్రికే తెలిసిపోయింది. నేను దుప్పటి మారుస్తుంటే గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ నవ్వేశారు.

"దానికెందుకే అంత కంగారు? వాళ్ళ నాన్నా అంతే! పదేళ్ళొచ్చేదాకా తడిపాడు. ఎన్ని బొంతలు ఎండేశానో లెక్కేలేదు."

మా పెళ్ళయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ మాట మా ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు.

అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో పిల్లలందరూ డాబా మీద వరసగా పక్కలేసుకుని పడుకుంటే, తను కడుపునొప్పని చెప్పి కింద చాప మీద పడుకునేవారట. వాత పెడితే మానతాడని ఎవరో అంటే, ఇంట్లో ఒకాయన అట్లకాడ కాల్చి చూపించి బెదిరించాడట. "వీడికీ నాదే వచ్చిందని నాకు మొదటి నుంచీ అనుమానమే. చెబితే నా వల్లే అంటావేమోనని చెప్పలేదు" అన్నారు.

నాకు ముందు కోపమే వచ్చింది. అన్ని రాత్రులు పక్కనే పడుకుని, ఆ స్టిక్కర్ల చార్టు చూస్తూ కూడా చెప్పలేదే అని. కానీ చెప్పి ఉంటే నేనేమనేదాన్నో నాకూ తెలుసు.

ఆ వారమే పిల్లల డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ మొదట అడిగింది ఒంటికి సంగతి కాదు, మలబద్ధకం ఉందా అని. నిజమే, వాడు మూడు రోజులకోసారి వెళ్ళేవాడు. మా ఇంట్లో పాలు, చీజ్ ఎక్కువ, కూరలు తక్కువ. పేగు నిండి ఉంటే పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుందట, అందులో పట్టేది తగ్గిపోతుందట. ముందు అది సరిచేయాలన్నారు.

తర్వాత విడమరిచి చెప్పారు. ఐదేళ్ళ పిల్లల్లో 100కి సుమారు 15 మంది పక్క తడుపుతారు. వాళ్ళలో ఏటా 15 శాతం మందికి ఏమీ చేయకపోయినా అదే తగ్గిపోతుంది. అమ్మానాన్నల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం 40 శాతం పైన, ఇద్దరికీ ఉంటే 70 శాతం పైన. కొందరు పిల్లల్లో రాత్రిపూట మూత్రం తగ్గించే హార్మోన్ ఇంకా సరిపడా తయారవదు. మూత్రాశయం నిండినా ఆ కబురుకి మెలకువ రాదు. పిల్లాడు కావాలని చేసేది ఇందులో ఏమీ లేదు. కాబట్టి కొట్టినా లాభం లేదు, కారు ఆశ పెట్టినా లాభం లేదు.

నేను చేసిన తప్పులూ తెలిశాయి. మావాడు స్కూల్లో నీళ్ళు తాగేవాడే కాదు, అక్కడి బాత్రూంకి వెళ్ళడానికి సిగ్గు. దాహమంతా ఇంటికొచ్చాక తీర్చుకునేవాడు. నేనేమో ఆరింటికి ఆపేసేదాన్ని. నీళ్ళు పగలంతా సమంగా తాగించాలి, రెండు మూడు గంటలకోసారి బాత్రూంకి పంపాలి, పడుకునే ముందు గంటా రెండు గంటలు తగ్గిస్తే చాలు. నిద్రలో ఎత్తుకెళ్తే ఆ రాత్రికి దుప్పటి మిగులుతుందే గానీ, లేవడం వాడికి అలవాటు కాదు. అత్తయ్యగారి నువ్వుల చిమ్మిలి గురించి కూడా అడిగాను. "తిననివ్వండి, వైద్యం అనుకోకండి" అన్నారు డాక్టర్.

ఆ రాత్రి మా ఆయన వాడి పక్కన పడుకుని డాబా కథంతా చెప్పారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. "నువ్వా నాన్నా? నువ్వు కూడానా?" అని నాలుగుసార్లు అడిగాడు. "మరి ఎలా ఆపావ్?" "నేను ఆపలేదురా. అదే ఆగింది." పొద్దున్నే లేచి చార్టు చింపేశాను. ఆ తర్వాత మంచం కింద ఏ సంచీ దొరకలేదు.

మలబద్ధకం తగ్గేసరికే వారానికి నాలుగైదు సార్లు అనేది రెండు మూడుకి వచ్చింది. ఆ పైన డాక్టర్ సలహా మీద అలారం తెచ్చాం. లోదుస్తులకి తగిలిస్తే, మొదటి చుక్కకే మోగుతుంది. మొదటి పదిరోజులు ఇంట్లో వాడు తప్ప అందరం లేచాం. అత్తయ్యగారైతే ఫైర్ అలారమనుకుని పాస్‌పోర్టు పట్టుకుని తలుపు దాకా వెళ్ళారు! మోగినప్పుడల్లా నేనే వాణ్ణి పూర్తిగా లేపి, వాడి చేతే ఆపించి, బాత్రూంకి నడిపించేదాన్ని. మూడో నెలలో వరసగా 14 రాత్రులు పొడిగా ఉన్నాడు. ఇప్పటికీ జ్వరం వస్తే ఎప్పుడైనా తడుస్తుంది. పొద్దున్నే వచ్చి "అమ్మా, దుప్పటి" అంటాడు, అంతే.

ఒక జాగ్రత్త. ఆరు నెలలు పొడిగా ఉండి మళ్ళీ మొదలైనా, పగలు కూడా తడుస్తున్నా, మంట అన్నా, విపరీతమైన దాహం వేసి బరువు తగ్గుతున్నా, గట్టిగా గురక పెడుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఆ దెబ్బకి వాడికి తర్వాత క్షమాపణ చెప్పాను. "ఏ దెబ్బమ్మా?" అన్నాడు. వాడు మర్చిపోయాడో, నా కోసం అలా అన్నాడో తెలియదు. నేనైతే మర్చిపోలేదు.

ఈ రాత్రి ఏ ఊళ్ళోనైనా దుప్పటి మారుస్తున్న అమ్మ ఇది చదువుతుంటే ఒక్కటే మాట. ముందు మీ ఆయన్ని అడగండి. మీ అమ్మకీ, అత్తయ్యకీ ఫోన్ చేసి అడగండి. మీ వాళ్ళలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఉంటే, ఆ సంగతి ముందు పిల్లాడికి చెప్పండి.