గుడి చూసొద్దామా... దీవి దాకా పోదామా?

నెక్కొండలో ఓ ఇల్లు. దసరా సెలవులు. బతుకమ్మ పండక్కి హైదరాబాద్ నుంచి ఆడబిడ్డ వచ్చింది. వెంట ఇద్దరు పిల్లలు. ఇంట్లో ఇంకో ఇద్దరు. నలుగురు పిల్లలు ఒకచోట చేరితే ఇంకేముంది... 'ఎక్కడికైనా పోదాం' అన్న గోల మొదలైంది.

రామప్ప అనుకున్నారు. అందులో ఎవరికీ పేచీ లేదు. నానమ్మకు శివుడి దర్శనం, పిల్లలకు యునెస్కో గుడి. తెల్లారి ఆరింటికి కారు మాట్లాడారు. పులిహోర, దద్దోజనం కట్టుకోవాలన్నారు. అంతా సిద్ధమనుకునే వేళ ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఓ మాట అంది.

''రామప్ప దాకా పోయి లక్నవరం చూడకుండా ఎట్లొస్తం నాన్నా? దీవికి పోదాం!''

తండ్రి పలకలేదు. ''రామలింగేశ్వరునికి దండం పెట్టుకుని రావాలె. నీళ్లల్ల దీవికి నాకేం పని?'' అంది నానమ్మ. ''ఎట్లాగూ అటే పోతున్నం కద తమ్మీ'' అని సర్దిచెప్పబోయింది ఆడబిడ్డ.

చిన్న ప్రశ్నే. కానీ సెలవుల్లో ప్రతి ఇంట్లోనూ వచ్చేదే. అనుకున్న ఊరు ఒకటి. పక్కనే ఊరించే చోటు ఇంకోటి. చూడకపోతే మళ్లీ ఎప్పుడొస్తామో అన్న బెంగ. చూస్తే అసలు పని చెడుతుందేమోనన్న అనుమానం. ఆ రాత్రి ఆ ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి.

దారిలోనే ఒక సముద్రం

నెక్కొండ వాళ్లకు రైలు దగ్గర. కాజీపేట-విజయవాడ లైన్లో వరంగల్ దాటాక వచ్చే స్టేషన్ ఇది. అమ్మవారి దర్శనానికి బెజవాడ వెళ్లి, పనిలో పనిగా కృష్ణలోని భవానీ ద్వీపం చూసొచ్చేవాళ్లు ఉన్నారు. కానీ రామప్పకు రైలు లేదు. నర్సంపేట మీదుగా మల్లంపల్లి చేరి, అక్కడ జాతీయ రహదారి ఎక్కి ములుగు వెళ్లాలి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. అదే రామప్ప. రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా ప్రయాణం.

నర్సంపేటకు దగ్గర్లోనే పాఖాల చెరువు. దాన్ని చెరువు అనడం అలవాటు కొద్దీ అంటాం గానీ, కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు అడవిలో కలిసిపోతుంది. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది. ఖమ్మం పక్కగా పారే మున్నేరుకు పుట్టిల్లు ఇదే. 'నీళ్లే చూడాలంటే పాఖాల లేదా?' అన్నది తండ్రి మొదటి వాదన. అందులో న్యాయం ఉంది. ఇంటికి దగ్గర. పూట చాలు. ఎప్పుడైనా పోవచ్చు.

''ఎప్పుడైనా పోవచ్చని ఎప్పుడూ పోలేదు కద!'' అంది పిల్ల. అందులోనూ న్యాయం ఉంది.

గుడికి ఎంతసేపు?

అసలు రామప్పకే రోజంతా పట్టదా? ఇది రెండో ప్రశ్న.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయమిది. రాజు పేరో, దేవుడి పేరో కాకుండా శిల్పి పేరుతో జనం పిలుచుకునే గుళ్లు అరుదు. నక్షత్రం ఆకారంలో ఎత్తైన పీఠం. ఎర్రటి ఇసుకరాతి గోడలు. లోపల అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు. పైకప్పును మోస్తున్నట్టు ఒయ్యారంగా నిలబడ్డ మదనికలు. పునాది కింద ఇసుక నింపి భూమి కదలికలను తట్టుకునేలా కట్టారు. గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఈ గుడి శిల్పాల్లోని నాట్య భంగిమల ఆధారంగానే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇవన్నీ హడావుడిగా చూసేవి కావు. నంది ముందు ఫొటో దిగి వచ్చేస్తే అరగంట చాలు. ఒక్కో మదనిక దగ్గర ఆగి, చెప్పులేసుకున్న నాగరిక ఎవరో, నాగుల్ని చుట్టుకున్న నాగిని ఎవరో పిల్లలకు చూపించాలంటే రెండున్నర గంటలు కావాలి. అంటే తొమ్మిదికి చేరితే పదకొండున్నరకు బయటపడొచ్చు. అక్కణ్నుంచి లక్నవరం ముప్పై కిలోమీటర్లు. తిరిగి జాతీయ రహదారి మీదకొచ్చి, చల్వాయి దాటాక బుస్సాపూర్ దగ్గర అడవి దారి పట్టాలి. ఒంటిగంటకు చెరువు కట్ట మీదుంటారు. నాలుగున్నరకు బయల్దేరితే ఏడు, ఏడున్నరకు నెక్కొండ.

కాలం సరిపోతుంది. గడియారం ఒప్పుకుంది. ఇక ఒప్పుకోవాల్సింది తండ్రి.

కొండలే దీవులయ్యాయి

ఇంతకీ లక్నవరంలో ఏముంది?

కాకతీయులు చెరువు కట్టేందుకు స్థలం వెతకడంలో దిట్టలు. ఇక్కడ కొండల మధ్య సన్నటి లోయలు కనిపించాయి. వాటికి అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేశారు. మిగతా గోడ పని కొండలే చూసుకున్నాయి. వాన నీళ్లు చేరి లోయ నిండింది. పొట్టి గుట్టలు తలలు మాత్రం బయటపెట్టి ఆగిపోయాయి. అవే ఈ దీవులు! మొత్తం పదమూడని చెబుతారు. అంటే వీటిని ఎవరూ విహారం కోసం కట్టలేదు. వరి మడికి నీళ్లు కావాలని కట్టిన చెరువులో అవి వాటంతటవే పుట్టాయి. చెరువు తవ్వించడం సంతానాన్ని కనడంతో సమానమని నమ్మిన కాలమది. సప్త సంతానాల్లో తటాకం ఒకటి.

ఒడ్డు నుంచి మొదటి దీవికి వేలాడే వంతెన ఉంది. నడుస్తుంటే కొద్దిగా ఊగుతుంది. అదే దాని సరదా, కొందరికి అదే దాని భయం. తర్వాత మరో దీవికీ వంతెన వేశారు. పర్యాటక శాఖ హరిత కాటేజీలు, హోటల్ ఉన్నాయి. 2024 నవంబరులో మూడో దీవిలో కూడా కాటేజీలు తెరిచారు. అక్కడికి మాత్రం పడవలోనే వెళ్లాలి.

పడవ మాట రాగానే తండ్రి ముఖం మారింది.

ఆ భయం ఊరికే రాలేదు

వరంగల్ వాళ్లకు పడవంటే గుర్తొచ్చే తేదీ ఒకటుంది. 2019 సెప్టెంబరు 15. గోదావరిలో పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పర్యాటక పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో వరంగల్ శివారు కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు 14 మంది. బతికి బయటపడింది అయిదుగురే. వాళ్లూ సరదాగా సెలవు గడుపుదామని వెళ్లినవాళ్లే. సోమవారం పొద్దున ఇంట్లో టిఫిన్ చేస్తూ ఆ వార్త చదివిన ఊళ్లన్నీ చాలాకాలం పడవ పేరెత్తలేదు.

అది గోదావరి. వరదలో ఉన్న నది. లక్నవరం చెరువు. కదలని నీరు. రెంటికీ పోలిక లేదని ఆడబిడ్డ వాదించింది. నిజమే. కానీ చెరువు కదలకపోయినా దానికి వెళ్లే దారిలో వాగులు కదులుతాయి. 2023 జులై ఆఖరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ అంత కురిసింది లేదు. సరిగ్గా రామప్ప ఉన్న మండలమే అది. ఆ వారంలోనే ములుగు జిల్లాలో ముత్యంధార జలపాతం చూడబోయిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. జాతీయ విపత్తు దళం వెళ్లి వాళ్లను బయటకు తేవాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు? నెక్కొండ వాళ్లకు 2024 ఆగస్టు 31 రాత్రి గుర్తు లేదా? మండలంలోని తోపనపల్లి దగ్గర ఆర్టీసీ బస్సు వరదలో చిక్కుకుంటే ప్రయాణికులు రాత్రంతా అందులోనే గడిపారు. తెల్లారేసరికి ఇంటికన్నె-కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఎక్కడి రైళ్లు అక్కడే ఆగిపోయాయి. నీళ్లు ఏం చేయగలవో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

''నేను వద్దంటలేను. నీళ్లతోటి ఆటలొద్దంటున్న'' అన్నాడు తండ్రి. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఏం చూసి నిర్ణయించుకోవాలి?

ఇలాంటప్పుడు భయాన్ని కొట్టిపారేయడం తప్పు. దానికే లొంగిపోవడమూ తప్పే. భయాన్ని షరతులుగా మార్చుకోవడం ఒక్కటే దారి.

మొదటిది కాలం. చెరువు నిండుగా ఉండేదీ, ఎండ నెత్తిన కొట్టనిదీ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో పంటలకు నీళ్లు వదిలాక మట్టం తగ్గుతుంది, దీవుల అందమూ తగ్గుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా ఈ దారి పట్టకూడదు.

రెండోది మనుషులు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వేలాడే వంతెన తప్పనిసరేం కాదు. కట్ట మీద కూర్చున్నా చెరువు కనిపిస్తుంది. పసిపిల్లలుంటే పడవ మానుకున్నా నష్టం లేదు.

మూడోది రద్దీ. ఆదివారాలు, పండగ మర్నాళ్లు వంతెన మీద జనమే జనం. సెలవుల్లో వారం మధ్యలో వెళ్తే హాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఇదే రహదారి మీద లక్షల మంది ప్రయాణిస్తారు. అప్పుడు ఈ ఆలోచనే పెట్టుకోకూడదు.

నాలుగోది పడవ. లైఫ్ జాకెట్ ఇవ్వందే ఎక్కొద్దు. ఇస్తే భుజాన వేసుకోవడం కాదు, పట్టీలన్నీ బిగించుకోవాలి. ఎంతమందిని ఎక్కిస్తున్నారో లెక్క చూడాలి. గాలి లేచినా, మబ్బు పట్టినా ఒడ్డునే ఉండాలి.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. అసలు బయల్దేరింది దేనికి? గుడి కోసమైతే దీవి కోసం గుడిని కుదించకూడదు. రామప్పలో ఆలస్యమైతే దీవి వదిలెయ్యాలి. ఆ మాట ముందే అనుకుంటే దారిలో అలకలుండవు. రెండూ తీరిగ్గా కావాలంటే రాత్రి కాటేజీలో ఉండటం మేలు. సెలవుల్లో వాటిని ముందుగా బుక్ చేసుకోవాలి.

ఇంతకీ వెళ్లారా?

వెళ్లారు. పత్తి ఏరే కూలీలు పండగ మర్నాడు రారు కాబట్టి ఆ ఒక్క రోజే ఖాళీ దొరికింది. తండ్రి మూడు మాటలు ముందే చెప్పాడు. వాన పడితే రామప్ప నుంచే వెనక్కి. పన్నెండు దాటితే దీవి లేదు. పడవ సంగతి అక్కడికి పోయాక తను చూసి చెబుతాడు. పిల్లలు మూడింటికీ తలూపారు. పదకొండుంబావుకే మదనికలకు టాటా చెప్పి కారు దగ్గర నిలబడ్డారు!

ఆకాశం తెరిపిచ్చింది. లక్నవరం నిండుగా ఉంది. పిల్లలు వంతెన మీద పరుగు పెట్టబోతే మేనత్త ఆపింది. నడిచే వెళ్లారు. పడవ దగ్గర తండ్రి చాలాసేపు నిలబడ్డాడు. రెండు పడవలు వెళ్లొచ్చేదాకా చూశాడు. తర్వాత నలుగురు పిల్లల జాకెట్ల పట్టీలు తనే ఒక్కొక్కటిగా బిగించాడు. లాగి చూశాడు. చివరికి తనూ ఒకటి తొడుక్కుని ఎక్కాడు. పడవ తిరిగొచ్చేదాకా ఒక్క ఫొటో కూడా తీయలేదు.

నానమ్మ వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. ''మీరు పోయి రాండ్రి'' అని కట్ట మీద చెట్టు నీడన కూర్చుంది. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆమె అక్కడ లేదు. కంగారుగా వెతికితే తూము దగ్గర కనిపించింది. కాలువలోకి పోతున్న నీళ్లు చూస్తోంది. యాభై ఏళ్లు పొలంలో పనిచేసిన మనిషి. నీళ్లంటే ఆమెకు చూసేవి కావు, పారేవి.

''అమ్మా, దీవి చూడకపోతివి'' అన్నాడు కొడుకు.

''నేను జూసింది మీరు జూడలే. ఎన్ని వందలేండ్లాయె, ఇంక పారుతనే ఉన్నది'' అంది నానమ్మ. పిల్లలంతా దిగి తూము చూడ్డానికి వెళ్లారు.

కారెక్కేసరికి అయిదు దాటింది. ఇంటికి చేరేసరికి ఎనిమిది. అరగంట ఆలస్యం. అయినా తండ్రి ఏమీ అనలేదు. నర్సంపేట దాటుతుంటే మాత్రం వెనక సీటు వైపు తిరిగి ఓ మాట అడిగాడు.

''సంక్రాంతి సెలవులకు పాఖాల పోదామా?''

సమాధానం రాలేదు. నలుగురూ నిద్రపోతున్నారు. మెలకువగా ఉన్నది నానమ్మ ఒక్కతే. ''పోదాం'' అంది.