కొండ అంచున విమానాశ్రయం

ఎవరెస్టు శిఖరం పేరు వినని పిల్లలు ఉండరు. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్కే ఆ శిఖరం ఎక్కిన సంగతి మీరు పాఠాలలో చదివే ఉంటారు. ఆ పర్వతాన్ని దగ్గరగా చూడబోయేవారిలో చాలామంది నేపాల్ దేశంలోని లుక్లా అనే చిన్న ఊళ్ళో విమానం దిగి, అక్కడినుంచి కాలినడకన బయలుదేరుతారు. లుక్లా సముద్రమట్టానికి 2,800 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. మన తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. అంటే, మూడు తిరుమల కొండలను ఒకదానిమీద ఒకటి పేర్చినా లుక్లా ఇంకా పైనే ఉంటుంది!

అంత ఎత్తున విమానాశ్రయం కట్టించినవాడు ఎవరో కాదు, హిల్లరీయే. ఎవరెస్టు ఎక్కిన తరవాత ఆయన తనకు తోడు నిలిచిన షెర్పాలను మరిచిపోలేదు. వారి ఊళ్ళలో బడులూ, ఆస్పత్రీ కట్టించటానికి పూనుకున్నాడు. కాని ఆ కొండలలోకి బండ్లు పోయే దారి లేదు. సామానంతా మనుషులే వీపుమీద వేసుకుని రోజుల తరబడి మోసుకు రావాలి. అందుచేత విమానం దిగటానికి ఒక చోటు చూడాలనుకున్నాడు. మొదట ఆయన కన్ను చదునుగా ఉన్న పొలాలమీద పడింది. అయితే, బంగారం పండే నేలను వదులుకోవటానికి రైతులు ఒప్పుకోలేదు. చివరకు లుక్లాలో, ఏటవాలుగా ఉన్న కొండపక్కన, చోటు దొరికింది.

1964లో షెర్పాలు ఆ నేలను చదును చేశారు. కాని మట్టి మెత్తగా ఉంటే విమానం చక్రాలు దిగబడతాయి గదా! దానికి హిల్లరీ ఒక తమాషా ఉపాయం చేశాడు. షెర్పాలను పోగుచేసి, ఆ మట్టిమీద వారి నాట్యం చేయమన్నాడు. షెర్పాల నాట్యంలో అందరూ వరసగా నిలబడి, కాళ్ళు గట్టిగా నేలకేసి కొడతారు. అలా వారు ఆడగా ఆడగా నేల గట్టిపడింది. 2001లో ఆ మట్టి బాటకు తారు పోశారు. 2008లో దానికి టెన్సింగ్-హిల్లరీ విమానాశ్రయం అని పేరు పెట్టారు.

రండి, ఇప్పుడు మనం ఖాట్మండు నుంచి లుక్లాకు విమానంలో పోదాం. పొద్దున్నే బయలుదేరాలి. ఎందుకో తరవాత చెబుతాను. విమానం చాలా చిన్నది. ఇరవై మందికి కూడా చోటుండదు. రెక్కలకు చెరొకటి చొప్పున రెండు పంకాలు గిర్రున తిరుగుతూంటాయి. ఎడమ పక్క కిటికీలోనుంచి చూస్తే మంచుకొండలు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. కింద మెట్లు మెట్లుగా పొలాలు, వాటి మధ్య దారాలలాగా నదులు. కొన్ని విమానాలలో ముందు వరసలో కూర్చున్నవారికి విమానం నడిపేవారి భుజాలు కూడా కనిపిస్తాయి. ఎడమవైపు కూర్చున్నవారి భుజంమీద నాలుగు పట్టీలు, కుడివైపు కూర్చున్నవారి భుజంమీద మూడు పట్టీలు ఉంటాయి. నాలుగు పట్టీలవారు కెప్టెన్. మూడు పట్టీలవారు సహ పైలట్.

ఒక్క పట్టీయే గదా తేడా, అనుకోకండి. ఆ ఒక్క పట్టీ సంపాదించటానికి ఏళ్ళు పడుతుంది. అదెందుకో లుక్లా దగ్గరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

సుమారు అరగంట గడిచాక ఎదురుగా కొండమీద చిన్న పలక అతికించినట్టు ఒక నల్లటి చార కనిపిస్తుంది. అదే రన్‌వే. దాని పొడవు 527 మీటర్లు. హైదరాబాదుకు దగ్గర శంషాబాదులో ఉన్న పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే లుక్లా రన్‌వే దానిలో ఎనిమిదో వంతు మాత్రమే! పైగా అది సమంగా లేదు. ఈ చివరకన్న ఆ చివర సుమారు 60 మీటర్లు ఎత్తు. అంటే, ఇరవై అంతస్తుల మేడంత. కింది చివర లోతైన లోయ, పై చివర రాతిగోడ, ఆ వెనక కొండ. అందుచేత విమానాలు ఎప్పుడూ లోయవైపునుంచే వచ్చి, ఎగువకు దిగాలి. వెళ్ళేటప్పుడు దిగువకు పరిగెత్తి, లోయమీదుగా ఎగిరిపోవాలి.

ఈ వాలువల్ల ఒక మేలు ఉన్నది. సైకిలు తొక్కుతూ మిట్ట ఎక్కితే బ్రేకు వెయ్యకుండానే నెమ్మదిస్తుంది. పల్లంలోకి వస్తే తొక్కకుండానే వేగం పుంజుకుంటుంది. విమానానికీ అంతే. దిగేటప్పుడు వాలు దాన్ని ఆపుతుంది, ఎగిరేటప్పుడు తోస్తుంది. అందువల్లనే అంత చిన్న రన్‌వే చాలుతున్నది.

కాని చిక్కులు కూడా ఉన్నవి. మొదటిది గాలి పలచన. రెక్కల మీదుగా పారే గాలి విమానాన్ని పైకి ఎత్తుతుంది. పలచని గాలికి ఆ బలం తక్కువ. సముద్రతీరాన గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గాలిలో నిలవగలిగిన విమానానికి, లుక్లా ఎత్తున సుమారు 115 కిలోమీటర్ల వేగం కావాలి. రన్‌వే చూస్తే పొట్టిది, వేగమేమో ఎక్కువ!

రెండోది కంటి మోసం. పైలట్లు సాధారణంగా సమంగా ఉన్న రన్‌వేలు చూసి అలవాటు పడతారు. ఎగువకు ఏటవాలుగా ఉన్న రన్‌వే వాళ్ళ కంటికి నిటారుగా కనిపిస్తుంది. దాంతో, "నేను చాలా ఎత్తున ఉన్నాను" అని భ్రమ కలుగుతుంది. ఆ భ్రమతో ఇంకా కిందికి దిగితే, రన్‌వే చేరకముందే కొండ తగులుతుంది. మీరు ఒక అట్టను బల్లమీద పరిచి చూడండి. తరవాత దాని అవతలి అంచు కొంచెం ఎత్తి పట్టుకుని చూడండి. మీరు కదలకపోయినా, అట్టను మరికాస్త పైనుంచి చూస్తున్నట్టు తోస్తుంది. ఇదీ అటువంటి మోసమే.

మూడోది వాతావరణం. పొద్దెక్కేకొద్దీ ఎండకు కొండచరియలు వేడెక్కి, లోయలోనుంచి గాలులు లేస్తాయి. మబ్బులు కూడా కమ్ముతాయి. విమానాలు పొద్దున్నే బయలుదేరటానికి కారణం ఇదే. పెద్ద విమానాశ్రయాలలో మంచు పట్టినా యంత్రాల సహాయంతో దిగవచ్చు. లుక్లాలో కళ్ళతో చూసి దిగవలసిందే.

అన్నిటికన్న పెద్ద చిక్కు నాలుగోది. మామూలు చోట దిగేటప్పుడు ఏదైనా తేడా వస్తే, పైలట్ మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చి దిగుతాడు. లుక్లాలో రన్‌వేకు కొంత దగ్గరికి వచ్చాక అది సాధ్యం కాదు. ఎదురుగా కొండ ఉన్నది. అందుచేత, "దిగుదామా, తిరిగి పోదామా?" అన్నది కెప్టెన్ ముందుగానే తేల్చుకోవాలి. 2008 అక్టోబరులో మబ్బు కమ్మిన వేళ దిగబోయిన ఒక విమానం రన్‌వే చేరకుండానే కొండను తాకి, 18 మంది చనిపోయారు.

మరి ఇటువంటి చోటికి కెప్టెన్‌గా ఎవరు రావచ్చు? దానికి నేపాల్‌లో నియమాలున్నవి. ఇటువంటి పొట్టి రన్‌వేలమీద కనీసం 100 ప్రయాణాలు చేసి ఉండాలి. నేపాల్ కొండలలో అలా ఒక ఏడాదైనా ఎగిరి ఉండాలి. ఆ తరవాత అనుభవజ్ఞుడైన శిక్షకుణ్ణి పక్కన పెట్టుకుని, లుక్లాకే పదిసార్లు వచ్చి చూపించాలి.

ఇందులో ఒక విశేషం గమనించారా? ఇక్కడ గంటల లెక్క చెప్పలేదు, ప్రయాణాల లెక్క చెప్పారు. సముద్రాలు దాటే పెద్ద విమానం నడిపే పైలట్ పద్నాలుగు గంటలు ఎగిరితే ఒక్కసారి దిగుతాడు. లుక్లా పైలట్ అదే పద్నాలుగు గంటలలో ఇరవై ఎనిమిదిసార్లు దిగుతాడు! గంటలు ఇద్దరికీ సమానమే, నేర్చినది మాత్రం వేరు.

అయితే మామూలు కెప్టెన్ల సంగతి ఏమిటి? అక్కడ గంటల లెక్కే ముఖ్యం. ప్రతి పైలట్ దగ్గరా లాగ్ బుక్కు అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు, ఏ విమానం, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంతసేపు ఎగిరిందీ అందులో రాయాలి. మన దేశంలో 18 ఏళ్ళు నిండి, 200 గంటలు ఎగిరి, పరీక్షలు నెగ్గినవారికి జీతం తీసుకుని విమానం నడిపే లైసెన్సు వస్తుంది. దానితో కుడివైపు కుర్చీలో, సహ పైలట్‌గా కూర్చోవచ్చు. ఎడమ కుర్చీకి కావలసిన పెద్ద లైసెన్సుకు 21 ఏళ్ళ వయసు, 1,500 గంటల అనుభవం ఉండాలి. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కనీసపు హద్దు కూడా ఇదే.

అమెరికాలో ఇంకా గట్టి నియమం ఉన్నది. 2009లో అక్కడ బఫెలో నగరం దగ్గర ఒక విమానం కూలి 50 మంది చనిపోయారు. తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు పైలట్ల శిక్షణ పెంచాలని పట్టుబట్టాయి. ఫలితంగా 2013 నుంచి అక్కడ సాధారణంగా సహ పైలట్‌కే 1,500 గంటలు కావాలి. కెప్టెన్ కావాలంటే, ప్రయాణికుల విమానాలలో మరి 1,000 గంటలు పని చేసి ఉండాలి.

"ఎక్కువ గంటలు ఎగిరేస్తే తొందరగా కెప్టెన్ కావచ్చు గదా!" అని మీలో ఎవరైనా అనవచ్చు. అది కుదరదు. అలసిన పైలట్ ప్రమాదకరం గనక, ఏడాదికి 1,000 గంటలు మించి ఎగరరాదని మన దేశంలోనూ, అమెరికాలోనూ నియమం.

గంటలు నిండినంతమాత్రాన కుర్చీ దొరకదు. చాలా కంపెనీలు చట్టం అడిగినదానికన్న ఎక్కువ అనుభవం కోరుతాయి. పైగా కెప్టెన్ ఖాళీ ఉండాలి. చాలా చోట్ల ముందు చేరినవారికి ముందు అవకాశం. కొత్త విమానాలు కొనే కంపెనీలో కొద్ది ఏళ్ళకే పట్టీ రావచ్చు. మరొకచోట చాలా ఏళ్ళు వేచి ఉండవలసి రావచ్చు. వంతు వచ్చాక మళ్ళీ శిక్షణ. అచ్చంగా విమానంలాగే ఉండే బొమ్మ గదిలో కూర్చోబెట్టి, ఇంజను ఆగినట్టూ, మంట లేచినట్టూ కల్పించి, ఏం చేస్తారో చూస్తారు. తరవాత పెద్ద కెప్టెన్‌ను పక్కన పెట్టుకుని నిజమైన ప్రయాణాలు చేయాలి. ఆయన సరేనంటేనే నాలుగో పట్టీ. ఆ పైన కూడా పరీక్షలు తప్పవు.

ఇంత చేసినా, అనుభవం ఒక్కటే చాలదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో మంచు దట్టంగా పట్టి ఉండగా, రన్‌వేమీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకుండానే విమానాన్ని పరిగెత్తించిన కెప్టెన్ కొత్తవాడు కాడు. 11 వేలకు పైగా గంటలు ఎగిరినవాడు, పదిమందికి నేర్పినవాడు. ఆయన వెనక కూర్చున్న ఇంజనీరు, "ఆ రెండో విమానం ఇంకా రన్‌వేమీదే ఉన్నదేమో!" అని అనుమానపడ్డాడు. కెప్టెన్ అదేమీ కాదని కొట్టివేశాడు. ఆ తరవాత క్రమంగా పైలట్ల శిక్షణలో కొత్త పాఠం చేరింది: సందేహం వచ్చినప్పుడు చిన్నవారు నోరు తెరిచి చెప్పాలి, పెద్దవారు చెవి ఒగ్గి వినాలి.

అదుగో, మన విమానం లుక్లాలో దిగింది. చక్రాలు తాకగానే మిట్ట ఎక్కుతూ, కొద్ది క్షణాలలోనే నెమ్మదించి, గోడ రాకముందే పక్కకు తిరిగి ఆగింది. కొందరు దిగి, మూటలు వీపుమీద వేసుకుని ఎవరెస్టు దారి పట్టారు. కొందరు ఎక్కారు. లోయలో అప్పుడే మబ్బు చేరుతున్నది. కెప్టెన్ ఆకాశంకేసి చూశాడు, సహ పైలట్‌ను అడిగాడు, ఇద్దరూ సరేననుకున్నారు. మబ్బు మరింత దట్టంగా ఉంటే, ఎంతమంది తొందరపెట్టినా ఆయన కదిలేవాడు కాదు. ప్రయాణికులు విసుక్కునేవారే, అయినా ఆ విసుగును భరించగలగటం కూడా నాలుగో పట్టీకి కావలసిన గుణమే.

పల్లంలోకి జారినట్టు విమానం పరిగెత్తింది. రన్‌వే అయిపోయింది, కింద లోయ కనిపించింది, రెక్కలు గాలిని అందుకున్నాయి. అరగంటలో ఖాట్మండు. దిగిన తరవాత మూడు పట్టీల యువకుడు తన లాగ్ బుక్కు తీసి, ఆనాటి ప్రయాణం రాసుకుంటాడు: లుక్లా, రాకపోకలు, ఒక గంట. అతని పుస్తకంలో ఇంకా చాలా పేజీలు నిండాలి.