తాళం వేసిన పెట్టె



ఈ పత్రికలో ప్రార్థనను గూర్చి, పిల్లల పెంపకమును గూర్చి, పంటలు పోయిన సంవత్సరములలో విశ్వాసమును గూర్చి ఎందరో వ్రాశారు. తుపాకిని గూర్చి ఎవరైనా వ్రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు. అయితే ఈ మధ్య మా సంఘ పెద్దల కూడికలో రెండు వారాల పాటు ఇదే మాట నడిచింది. ఇప్పుడు మన పిల్లలు పట్టణాలకు, అక్కడి నుండి విదేశాలకు పోతున్నారు గనుక ఈ సంగతి ఇతర సంఘాల వారికి కూడా ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

మాది సంగారెడ్డి వైపు పల్లె సంఘము. మా సంఘములో డెబ్భై దాటిన ఒక తల్లి ఉన్నారు. ఆమె కుమారుడు గచ్చిబౌలిలో ఒక కంప్యూటర్ కంపెనీలో ఇంజనీరు. అతని కుమార్తెకు పదిహేడేళ్ళు. ఆ పిల్ల గాలి తుపాకితో గురి చూసి కొట్టే ఆట నేర్చుకుంది. జర్మనీ దేశంలో జరిగే ఒక పోటీకి పోవలసి వచ్చింది. ఎవరి తుపాకి వారే తీసుకుపోవాలి, అదీ విమానంలో. తండ్రి నాకు ఫోను చేసి, "అయ్యగారూ, బయలుదేరే ముందు మీరొచ్చి ప్రార్థన చేయాలి" అన్నాడు. మరుసటి రోజు ఉదయమే ఆ తల్లి మా ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి, "తుపాకికి ప్రార్థనేంది అయ్యగారూ? మీరు పోవద్దు" అన్నారు.

ఆమెది చాదస్తమని ఎవరూ అనుకోవద్దు. 1990వ దశకంలో మన తెలంగాణ పల్లెలలో బ్రతికిన వారికి తుపాకి ఆటవస్తువు కాదు. రాత్రి తలుపు తట్టి అన్నం పెట్టమన్న వారి భుజాన తుపాకి. తెల్లవారి వచ్చి ఎవరికి అన్నం పెట్టావని అడిగిన వారి చేతిలోనూ తుపాకి. ఆ మధ్యలో నలిగిపోయిన కుటుంబాలలో ఆమెది ఒకటి. అప్పటి సంగతులు ఆమె ఎప్పుడూ పూర్తిగా చెప్పరు. మేమూ అడగము.

నేను ఆమెతో, "అమ్మా, ముందు చూద్దాం. చూసిన తర్వాత ప్రార్థన చేయాలో వద్దో మీరే చెప్పండి" అన్నాను. ఇద్దరం బస్సెక్కి లింగంపల్లిలో దిగి, అక్కడి నుండి ఆటోలో పోయాము.

ఆ ప్రాంతం ఎరుగని పాఠకులకు ఒక మాట. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించే నాటికి చుట్టూ బండలు, సీతాఫలం చెట్లు ఉండేవి. ఇప్పుడు తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అయితే ఆ అద్దాల మేడలకు దగ్గరలోనే, 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము స్థలములో, తుపాకి గురి నేర్పే మైదానము ఉంది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు మన నగరంలో జరిగినప్పటి ఏర్పాటు అది. 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి తుపాకి పోటీలో కాంస్య పతకము తెచ్చిన గగన్ నారంగ్ గారు మన హైదరాబాదు వారే. పదమూడేళ్ళ వయసులో, 2018లో, జాతీయ విజేతగా నిలిచిన ఈషా సింగ్ కూడా గచ్చిబౌలిలోనే మొదట పిస్తోలు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ క్రీడలలో నాలుగు పతకాలు తెచ్చి, 2024లో పారిస్ ఒలింపిక్సుకు వెళ్ళింది. కాబట్టి మన పిల్ల చేసేది ఎక్కడా లేని పని కాదు.

మేము ఇల్లు చేరేసరికి హాలు మధ్యలో చాప మీద పెట్టె తెరిచి ఉంది. గట్టి ప్లాస్టిక్ పెట్టె, లోపల నల్లని స్పాంజి. పెద్దమ్మగారు కుర్చీలో కూర్చోక గోడవారగా నిలబడ్డారు. పిల్ల మాత్రం మా ఊరి ఆడవాళ్ళు పెళ్ళి సామాను సర్దినంత నిదానంగా ఒక్కొక్కటి చూపించింది.

ఆ తుపాకిలో మందుగుండు లేదు. ఒక చిన్న గొట్టంలో గాలి నింపుతారు. ఆ గాలి బలంతో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు పోతుంది. అది పది మీటర్ల దూరాన అర మిల్లీమీటరు చుక్కను తాకాలి. అంటే గుండుకన్నా చుక్కే చిన్నది! గాలి గొట్టంలో ఒత్తిడి సుమారు 200 బార్లట. కారు చక్రంలో ఉండేది రెండు బార్ల చిల్లర. అందుకే విమానంలో వేసే ముందు ఆ గాలంతా తీసివేయాలి. ఆ పిల్ల మా ఎదుటనే గాలి వదిలింది. బుస్సుమని చాలా సేపు పోయింది. ముల్లు సున్నా మీదికి వచ్చింది. ఆ గొట్టాన్ని వేరు చేసి తన గుంటలో పెట్టింది. తుపాకి గొట్టంలో పచ్చని దారం ఒకటి ఈ కొస నుండి ఆ కొసకు దూర్చింది. లోపల ఏమీ లేదని దూరం నుండే ఎవరికైనా కనిపించడానికి. సీసపు గుండ్ల డబ్బీలు వేరుగా సర్దింది. మూత వేసి రెండు తాళాలు వేసింది.

పెద్దమ్మగారు అప్పుడు నోరు విప్పారు. "గాలి తుపాకే అంటివి. గాలి కూడా తీసేస్తివి. మళ్ళ తాళమెందుకు?"

మంచి ప్రశ్న. 2016లో వచ్చిన ఆయుధ నియమాల ప్రకారము 0.177 అంగుళములకు మించని గొట్టము, 20 జౌళ్ళకు మించని బలము గల గాలి తుపాకికి మన దేశములో లైసెన్సు అక్కర లేదు. అయినా విమానము వారికి అది తుపాకియే. చేతి సంచిలో ఎవరికీ కనిపించని చోట పెట్టి తీసుకుపోతే నేరము. కౌంటరు దగ్గర "నా పెట్టెలో తుపాకి ఉన్నది" అని నోటితో చెప్పి, కాగితము మీద వ్రాసి ఇవ్వాలి. అది ఖాళీగా ఉన్నదని తెలిసిన అధికారి చూసి ఒప్పుకోవాలి. ప్రయాణంలో ఎవరి చేతికీ అందని చోట, విమానం అడుగు భాగంలో దాన్ని పెడతారు. తోటాలతో పేల్చే తుపాకి అయితే లైసెన్సు, తోటాల లెక్క కూడా చూస్తారు. విమానాల అంతర్జాతీయ నియమము ప్రకారము ఒక మనిషికి తోటాలు, వాటి పెట్టెతో కలిపి, ఐదు కిలోలు మించకూడదు. ఇద్దరు ముగ్గురి లెక్క ఒకే పెట్టెలో కలపకూడదు. కొన్ని విమాన సంస్థలు అంతకన్నా తక్కువే ఒప్పుకుంటాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. దిగే దేశపు అనుమతి కావాలి, నడుమ విమానము మారే దేశము మాట కూడా ముందే కనుక్కోవాలి. ఆటగాళ్ళకు క్రీడా సంఘము వారి ఉత్తరము, పోటీ జరిపే వారి ఆహ్వానము ఉండాలి. తండ్రి ఆ కాగితాల కట్ట నాకు చూపించాడు. మా సంఘ భూమి దస్తావేజుల కట్టకన్నా లావుగా ఉంది.

ఇన్ని చేసి తుపాకి తీసుకుపోయే పిల్లకు భయము లేదు. ఏమీ లేదనుకొని పోయిన వాడికి వచ్చిన కష్టము నేను చూశాను. మా పక్క ఊరి యువకుడొకడు కొన్నేళ్ళ క్రితము గల్ఫుకు పోతూ బంధువు దగ్గర సంచి అడిగి తీసుకున్నాడు. ఆ బంధువు ఒకప్పుడు సెక్యూరిటీ గార్డు. సంచి లోపలి జేబులో, చినిగిన గుడ్డ క్రింద, పాత తోటా ఒకటి ఉండిపోయింది. విమానాశ్రయములో యంత్రము దానిని పట్టింది. విమానము వెళ్ళిపోయింది, కుర్రవాడు పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. ఆయుధముల చట్టము క్రింద కేసు అయ్యింది. వీసా గడువు తీరింది. అప్పు మాత్రము తీరలేదు. వాళ్ళ అమ్మ మా గుడికి వచ్చి మోకాళ్ళ మీద ఎంత సేపు ఉండేదో!

ఆదికాండము 44వ అధ్యాయములో యోసేపు అన్నదమ్ముల గోనెలను పెద్దవాని మొదలుకొని చిన్నవాని వరకు వెదకినప్పుడు వెండి గిన్నె బెన్యామీను గోనెలో దొరికింది. అతడు పెట్టలేదు, అతనికి తెలియదు. అయినా గిన్నె దొరికింది అతని గోనెలోనే. మన సుప్రీంకోర్టు 1972లోనే ఒక తీర్పులో, ఆయుధము ఒకని స్వాధీనములో ఉన్నదనాలంటే అది ఉన్నదన్న ఎరుక అతనికి ఉండాలని చెప్పింది. ఆ కారణము చేత హైకోర్టులు ఇలాంటి కేసులను కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. ఈ కుర్రవాని కేసు కూడా చివరికి పోయింది. అయితే ఎరుక లేదని నిరూపించుకునే లోపల రెండు సంవత్సరాలు గడిచాయి. న్యాయము దొరికింది గాని ఉద్యోగము దొరకలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకొక మాట. అక్కడ తుపాకి కొనుక్కోవడం తేలిక. ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళము వేసి, కౌంటరులో చెప్పి లగేజీలో వేస్తే అక్కడి చట్టము ఒప్పుకుంటుంది. అయినా 2023 ఒక్క సంవత్సరములోనే అక్కడి విమానాశ్రయాల తనిఖీలో చేతి సంచులలో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. నూటికి 93 తుపాకులలో గుండ్లు నిండే ఉన్నాయి. పట్టుబడిన వారు ఎక్కువగా చెప్పే మాట, "సంచిలో ఉన్న సంగతి మరచిపోయాను" అని. ప్రాణము తీసే వస్తువు సంచిలో ఉన్నదని మరచిపోయే స్థితికి మనుష్యులు వచ్చారు! మా పెద్దమ్మగారి భయమే మేలు అనిపిస్తుంది నాకు. అక్కడ కొన్నది ఇక్కడికి తేవచ్చు గదా అనుకునేవారు ఆ ఆలోచన మానుకోండి. వారి లైసెన్సు మన దేశములో చెల్లదు. తోటా ఆకారపు తాళాల గుత్తులు, ఖాళీ తోటా గొట్టాలు గుర్తుగా తెచ్చుకోవడం కూడా వద్దు. యంత్రములో చూసేవారికి అది బొమ్మో నిజమో తెలియదు.

ఇక పెద్దల కూడిక సంగతి. ఒకరు యెషయా 2వ అధ్యాయము తీసి, ఖడ్గములు నాగటి నక్కులుగా మారవలసిన కాలములో సంఘకాపరి తుపాకి ఉన్న ఇంటికి ఎలా పోతాడని అడిగారు. ఇంకొకరు దావీదు వడిసెల సంగతి ఎత్తారు. యౌవనస్థుడొకడు, "క్రికెట్ బ్యాటుతోనూ తల పగలగొట్టవచ్చు గదా" అన్నాడు. అతనిని కూర్చోబెట్టారు గాని మాట తీసివేయదగినది కాదు.

నేను న్యాయాధిపతులు 20:16 చదివి వినిపించాను. వెంట్రుక వాసి కూడా గురి తప్పకుండా వడిసెలతో రాయి విసరగల ఏడు వందలమంది బెన్యామీనీయుల సంగతి అది. నేను థియాలజీ చదివే రోజుల్లో మా అధ్యాపకులు చెప్పారు, అక్కడ గురి తప్పడానికి వాడిన హెబ్రీ క్రియాపదమే పాపము చేయడానికీ వాడతారని. అయితే ఆ ఏడు వందలమంది ఏ పక్షాన నిలిచారు? గిబియాలో ఘోరము చేసిన దుర్మార్గులను అప్పగించని పక్షాన. చేతి గురి తప్పలేదు, మనసు గురి తప్పింది. కాబట్టి నేర్పు మంచిదని గాని చెడ్డదని గాని తీర్పు చెప్పడానికి నాకు మనసు రాలేదు. పిల్ల ఎవరు, దేనిని గురిగా పెట్టుకుంది, చెప్పవలసిన చోట దాచకుండా చెప్పిందా, ఇవి నేను చూశాను. ఇద్దరు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను బలవంతము చేయలేదు.

ఆ రోజు ప్రార్థనకు లేచినప్పుడు పిల్ల తండ్రి పెట్టెను నా దగ్గరికి జరిపాడు. పెద్దమ్మగారు ముందుకు వచ్చి దానిని కాలితో కాదు, రెండు చేతులతో, మంచము ప్రక్కకు మళ్ళీ జరిపారు. తర్వాత మనవరాలి భుజము పట్టుకొని నా ఎదుట మోకరింపజేశారు. నేను ఆ పిల్ల తల మీద చేతులుంచి, పోవుటయందును వచ్చుటయందును కాపాడుమని ప్రార్థించాను. పెద్దమ్మగారు ఆమేన్ చెప్పారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు చాలా సేపు మాట్లాడలేదు. పటాన్‌చెరు దాటాక, "ఆ దారం మంచిగుంది అయ్యగారూ, లోపల ఏం లేదని అందరికి కనబడుతది" అన్నారు.

పిల్లకు ఆ పోటీలో పతకము రాలేదు. పెట్టెతో క్షేమంగా తిరిగి వచ్చింది.

పోయిన ఆదివారము ఆరాధన అయిన తర్వాత దుబాయికి పోతున్న మా సంఘపు కుర్రవాని ఇంటికి పెద్దమ్మగారు ముందుగానే చేరారు. నేను వెళ్ళేసరికి అతడు బావ దగ్గర అడిగి తెచ్చుకున్న సంచి మంచము మీద తలక్రిందులుగా ఉంది. ఆమె ఒక్కొక్క జేబు బయటికి తిప్పి చూస్తున్నారు. ఒక అగ్గిపెట్టె, తుప్పు పట్టిన చిన్న కత్తెర, మూడు రూపాయల చిల్లర, ఎవరిదో పాత బస్సు టికెట్టు దొరికాయి. "ఇంకొక జేబుంది, ఇగో, లోపల" అంటూ ఆమె మళ్ళీ చెయ్యి పెట్టారు.