రిటైరయ్యాక చూద్దాంలే!

మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక పాత నోటుబుక్కు ఉంది. ముందువైపు పాల లెక్క, కిరాణా పద్దు. వెనక నుంచి తిప్పితే మాత్రం ఊళ్ళ పేర్లు - కాశీ, రామేశ్వరం, పూరీ, హంపి, అహోబిలం... పైన 'రిటైరయ్యాక' అని నేనే రాసుకున్నాను. రిటైరయ్యేది నేను కాదు లెండి, మావారు. మనకు రిటైర్మెంటెక్కడిది?

మాది ఆదోని వైపు, ఆస్పరి మండలం కైరుప్పల. ఉగాది మర్నాడు పిడకలతో కొట్టుకునే ఊరంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆ రోజు ఎక్కడెక్కడి నుంచో జనం మా ఊరు చూడ్డానికొస్తారు. నేను మాత్రం వచ్చిన చుట్టాలకు ఓళిగలు వడ్డిస్తూ పొయ్యి దగ్గరే! ఊరు చూడ్డానికి వాళ్ళు రావడమే కానీ, నేను ఊరు దాటింది తక్కువ.

మావారు బడిపంతులు. ఎప్పుడడిగినా "రిటైరయ్యాక తీరిగ్గా పోదాంలేవే" అనేవారు. అప్పుడు రిటైర్మెంటు 58 ఏళ్ళకు. 2014లో 60 చేశారు. సరే, రెండేళ్ళే కదా అనుకున్నాను. 2022లో 62 చేశారు! జీతం రెండేళ్ళు ఎక్కువొస్తుందని సంతోషించాలో, నా కాశీ మళ్ళీ వెనక్కి పోయిందని ఏడవాలో తెలియలేదు. పోనీ, 58 దాటితే ఆడవాళ్ళకు రైల్లో సగం టిక్కెట్టే కదా, అప్పుడే పోదామనుకుంటే, 2020 మార్చిలో ఆ రాయితీ కాస్తా తీసేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, నా మోకాళ్ళొక ఎత్తు. ఒకరోజు మిద్దె మీద వడియాలు తేవడానికెక్కుతుంటే కుడి మోకాలు పట్టేసింది. డాక్టరమ్మ "మెట్లు తగ్గించమ్మా" అంది. ఇంటికొచ్చి నోటుబుక్కు తీస్తే ఏముంది? సగం మెట్ల ఊళ్ళే!

ఆ ఉగాదికి మా ఇంటికొచ్చిన చుట్టాలమ్మాయి "ఈ పిడకలెందుకత్తా?" అనడిగింది. మా ఊళ్ళో చెప్పే కథ చెప్పాను. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారట. స్వామి పెళ్ళి ఆలస్యం చేస్తుంటే అమ్మవారి తరఫువాళ్ళకు కోపమొచ్చి పిడకలు పట్టుకున్నారట. చివరికి పెళ్ళితో కథ సుఖాంతం. చెబుతూ చెబుతూ మావారి వైపు చూశాను. "ఆలస్యం చేస్తే స్వామికే పిడకలు తప్పలేదు!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి "ఆ పుస్తకం ఇటు తే" అన్నారు.

ఇద్దరం కూర్చుని కొత్త లెక్క వేశాం. పేరు మోకాళ్ళ లెక్క. ఎక్కాల్సినవన్నీ ముందు: ఆదోని రణమండల ఆంజనేయస్వామి కొండ, హంపి దగ్గర 575 మెట్ల ఆంజనాద్రి, అహోబిలం. కూర్చుని పోగలిగేవి తర్వాత: కాశీ, పూరీ. 45 దాటిన ఆడవాళ్ళకు రైల్లో కింది బెర్తు కోటా ఉంది కాబట్టి వాటికి తొందర లేదు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేవి ఏ ఆదివారమైనా సరే.

మొదట మంత్రాలయం వెళ్ళాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టిక్కెట్టు, ఆయనకు మాత్రం డబ్బులు! తుంగభద్ర ఒడ్డున కాళ్ళు కడుక్కుని, 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా ప్రవేశించిన బృందావనం దర్శించుకుని, పరిమళ ప్రసాదం కొంగున కట్టుకుని దీపాల వేళకు ఇంటికొచ్చాం.

కార్తీకంలో రణమండల కొండకు పోయాం. సగం ఎక్కేసరికి మోకాలు మొరాయించింది. మెట్టు మీద కూలబడ్డాను. పదేళ్ళ కిందటైతే ఆయన కంటే ముందు ఎక్కేదాన్ని. ఆయన ఒక్కరే పైకి పోయి, సింధూరం తెచ్చి నా నుదుట పెట్టి, పక్కన కూర్చున్నారు. కింద ఆదోని ఊరంతా కనబడుతోంది. చాలాసేపటికి "నేనే ఆలస్యం చేశాను" అన్నారు. ఏం మాట్లాడను? కళ్ళు తుడుచుకుని "దిగుదాం పదండి" అన్నాను. దిగేటప్పుడు చెయ్యి వదల్లేదు.

సంక్రాంతి సెలవుల్లో హంపి అనుకున్నాం. గుంతకల్లులో రైలు మారి బళ్ళారి మీదుగా హోసపేట. అక్కడి బస్సుల్లో మన ఉచితం చెల్లదని గుర్తుపెట్టుకోండి. ఆంజనాద్రి ఎక్కగలనో లేదో కానీ, విఠలాలయం రాతిరథం చూస్తే చాలు. దారికి గలగలలాడేలా కాల్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి కడుతున్నాను. బాగా ఆరాక గుడ్డలో చుడితే రొట్టెలు నాలుగు రోజులైనా చెడవు. పొడిలో తడి చెంచా మాత్రం పెట్టకండి.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి నోటుబుక్కు ఎక్కడో ఉండే ఉంటుంది. ఒకసారి తీసి మెట్లున్న ఊళ్ళ కింద గీత గీయండి. నేను నా పుస్తకంలో 'రిటైరయ్యాక' కొట్టేసి, 'ఈ ఏడు' అని రాసుకున్నాను.